పావురాల పెంపకం: బాన్సువాడ ప్రాంతం

పావురాల పెంపకం అంటే పెంపుడు పావురాలకు గూడు కట్టి, మేత వేసి, జత కలిపి, పిల్లలు తీయించి సాకే పద్ధతి. ఎగరేసే సరదా, దూరపు పందేలు, అందం, ఒకప్పుడు ఉత్తరాల చేరవేత, కొన్నిచోట్ల మాంసం దీనికి కారణాలు. ఇందులో తెలుసుకోవలసిన మొదటి సంగతి, పావురం మనిషికి కాక గూటికి కట్టుబడిన పక్షి. మేత, వైద్యం, శిక్షణ, కొనుగోలు, చివరికి చట్టం విషయంలో కూడా పెంపకందారు తీసుకోవలసిన నిర్ణయాలకు ఈ స్వభావమే మూలం. ఈ వ్యాసం తెలంగాణలోని కామారెడ్డి జిల్లా బాన్సువాడ పట్టణాన్ని, చుట్టూ ఉన్న నిజాంసాగర్ ఆయకట్టు పల్లెలను దృష్టిలో పెట్టుకొని రాసినది.

పేర్లు

తెలుగులో పావురం, పావురాయి అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. సంస్కృతంలో కపోతం, పారావతం అంటారు. ఉర్దూ మాట్లాడేవారు కబూతర్ అంటారు, పావురాలను ఎగరేసే సరదాను కబూతర్‌బాజీ అంటారు. గువ్వ అనే మాట ఎక్కువగా అడవిలో, చేనుగట్ల మీద తిరిగే చిన్న జాతులకు చెల్లుతుంది. పొడ బెళ్ళ గువ్వ, చిట్టి బెళ్ళ గువ్వ, పచ్చ గువ్వ ఇలాంటివే. ఇవి వన్యపక్షులు, పెంపకానికి తీసుకోకూడదు.

తెలంగాణ పలుకుబడిలో పావురం అంటే ప్రేమ, ఆపేక్ష అని మరో అర్థం ఉంది. ‘పావురంగ సాకిన బిడ్డ’ అంటే ముద్దుగా పెంచిన బిడ్డ. పక్షి పేరూ మమకారం పేరూ ఒకే మాటగా వినిపించే ప్రాంతం ఇది.

మూల జాతి

పెంపుడు పావురాలన్నిటికీ మూలం గుట్టల్లో, రాతి సందుల్లో ఉండే నీలి బూడిదరంగు పావురం. దాని శాస్త్రీయ నామం కొలంబా లివియా. రెక్క మీద రెండు నల్లటి పట్టీలు, మెడ చుట్టూ పచ్చ, ఊదా రంగుల మెరుపు దీని గుర్తులు. కొండ అంచులకు అలవాటుపడ్డ జాతి కాబట్టి కోట గోడలు, గుడి గోపురాలు, మసీదు మినార్లు, రాతితో కట్టిన పాత బావుల లోపలి సందులు దానికి సొంతిళ్లలాగే తోచాయి. దక్కన్ పల్లెల్లో వాడుక తప్పిన మోటబావిలోకి రాయి వేస్తే లోపలినుంచి గుంపుగా పైకి లేచేవి ఇవే.

పొట్టి ముక్కు, విసనకర్ర తోక, కాళ్లకు ఈకలు, గాలిలో పల్టీలు వంటి భిన్న రూపాలూ గుణాలూ ఉన్న పెంపుడు రకాలన్నీ ఈ ఒక్క జాతి నుంచే వచ్చాయని నిరూపించడానికి చార్లెస్ డార్విన్ 1855లో స్వయంగా పావురాలు సాకడం మొదలుపెట్టాడు. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ మొదటి అధ్యాయంలో పావురాలకు పెద్ద చోటే దక్కింది. 1868లో వచ్చిన మరో గ్రంథంలో ఆయన ఈ పరిశీలనను విస్తరించి, అక్బర్ కాలపు భారతీయ రకాలను కూడా ప్రస్తావించాడు. (చూ. కృత్రిమ వరణం)

చరిత్ర

మనిషి పావురాలను సాకడం కనీసం 5,000 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో మొదలైందని చరిత్రకారుల అంచనా. తొలుత మాంసానికి, ఎరువుకు సాకినా, వదిలిన చోటినుంచి గూటికి తిరిగివచ్చే గుణం తెలిశాక పావురం వార్తాహరి అయింది. 1850లో రాయిటర్ తన వార్తాసంస్థ తొలినాళ్లలో ఆఖెన్, బ్రసెల్స్ నగరాల మధ్య తంతి లేని దూరాన్ని పావురాలతో పూరించాడు. 1870–71లో జర్మన్ సైన్యం ముట్టడించిన పారిస్‌కు ఉత్తరాలు వీటి ద్వారానే చేరాయి.

భారతదేశంలో మొఘల్ దర్బారు ఈ సరదాకు రాజమర్యాద తెచ్చింది. అక్బర్ కొలువులో 20,000కు పైగా పావురాలు ఉండేవని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో నమోదు చేశాడు. పావురాలు ఎగరేయడాన్ని చక్రవర్తి ‘ఇష్క్‌బాజీ’ అని పిలిచేవాడు. ఆ గ్రంథంలో కనబడే లక్కా, లోటన్ అనే పేర్లు ఈనాటికీ హైదరాబాద్ పక్షుల బజారులో వినిపిస్తాయి.

మనకు దగ్గరలో పావురాన్ని ప్రభుత్వ ఉద్యోగంలో పెట్టింది ఒడిశా. ఆంధ్ర సరిహద్దు జిల్లా కొరాపుట్‌లో 1946లో అక్కడి పోలీసు శాఖ, సైన్యం ఇచ్చిన 200 పక్షులతో పావురాల తపాలాను ప్రారంభించింది. బెల్జియన్ హోమర్ రకాన్ని అందులో వాడారు. 1948 ఏప్రిల్‌లో ప్రధాని నెహ్రూ సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన సందేశాన్ని ఈ పావురమే మోసింది. 1982 వరదల్లో, 1999 తుపానులో తీగలు తెగిపోయినప్పుడు మళ్లీ వీటి అవసరం పడింది. వైర్‌లెస్, ఫోన్లు వచ్చాక తపాలా పని ఆగిపోయి, కొన్ని పక్షులు జ్ఞాపకంగా మిగిలాయి.

హైదరాబాద్ పాతబస్తీలో మిద్దెల మీద కబూతర్‌బాజీ నిజాం కాలం నుంచి నేటి దాకా కొనసాగుతోంది. మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు చల్లడం, చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్‌లో పక్షుల అమ్మకం నగరానికి వచ్చే ఎవరికైనా కనబడే దృశ్యాలే.

బాన్సువాడ పరిసరాలు

బాన్సువాడ పూర్వపు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువ ఈ ప్రాంతాన్ని వరి మాగాణిగా మార్చింది. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ వడ్లు పండుతాయి. రైస్‌మిల్లుల చుట్టూ, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద రాలిన గింజ ఊర పావురాలకు ఏడాదిలో చాలా నెలలు సరిపోతుంది.

పెంపకందారుకు ఇది సౌకర్యమూ చిక్కూ రెండూ. మేతకు గింజల కొరత ఉండదు. అయితే ఎగరేసిన పక్షులు ఊర పావురాల గుంపుతో కలిసి చేలల్లో దిగడం పెద్ద ప్రమాదం. విత్తనశుద్ధి కోసం మందు పట్టించిన ఎర్రటి, గులాబీ రంగు విత్తనాలు, వరి మడుల్లో చల్లే పురుగుమందు గుళికలు పావురం ప్రాణం తీస్తాయి. నాట్లు, విత్తులు జరిగే వారాల్లో పక్షులకు గూట్లోనే పొద్దున్నే మేత పెట్టి, కడుపు నిండాక కొద్దిసేపు మాత్రమే ఎగరనివ్వడం మంచిది. ఆకలితో లేచిన పావురమే చేనుకు పోతుంది.

వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. రేకుల కప్పు కింద ఆ వేడి ఇంకా ఎక్కువ. ఈ వాతావరణమే గూటి నిర్మాణాన్ని నిర్ణయిస్తుంది.

రకాలు

పెంపుడు రకాలు ప్రపంచంలో వందల్లో ఉన్నాయి. మన ప్రాంతంలో కనిపించేవాటిని మూడు గుంపులుగా చూడవచ్చు.

ఎగిరే రకాల్లో ముఖ్యమైనది గిరేబాజ్. పల్టీ కొట్టే పావురం అని ఆ ఉర్దూ మాటకు అర్థం. ఇప్పుడు పల్టీ కొట్టినా కొట్టకపోయినా ఇంటి మీద గుంపుగా ఎగరేసే పక్షులను ఈ పేరుతోనే పిలుస్తారు. ఒళ్లు బిగువుగా, రెక్క పొడవుగా ఉండి గంటల తరబడి ఆకాశంలో తిరిగే ఎత్తుగాళ్లు ఈ కోవలోవే. మిద్దె మీద వెదురుకర్రకు గుడ్డ కట్టి ఊపుతూ పక్షులను పైనే ఉంచడం, గింజల డబ్బా గలగలలాడించి కిందికి దించడం ఈ సరదాలో పాత పద్ధతి.

హోమర్ దూరపు పందేలకు సాకే రకం. ఛాతీ వెడల్పు, ముక్కు మీద తెల్లటి కండ కాస్త ఉబ్బుగా ఉంటాయి. గాలి అనుకూలంగా ఉంటే గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. దక్షిణాదిన హోమర్ పందేలకు చెన్నై ప్రధాన కేంద్రం. ఐరోపాలో ఇది కోట్ల వ్యాపారం. 2020లో బెల్జియంలో న్యూ కిమ్ అనే ఆడ పావురం 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది.

అలంకార రకాల్లో లక్కా అందరికీ తెలిసినది. నెమలి పురిలా తోక విప్పి, మెడ వెనక్కి వంచి నడుస్తుంది. ముకీ మెడను వణికిస్తుంది. షిరాజీ, జాకోబిన్, బరువైన కింగ్ కూడా అలంకార రకాలే. వీటికి ఎగిరే శక్తి తక్కువ కాబట్టి పిల్లికి, డేగకు సులువుగా చిక్కుతాయి. లోటన్ విషయం వేరు. దాన్ని చేతితో కదిపి నేల మీద పెడితే ఆగకుండా పల్టీలు కొడుతుంది. ఇది నాడీమండల లోపం వల్ల వచ్చే కదలిక. పక్షి అలసిపోయే దాకా దొర్లించి చూసే వినోదాన్ని మానుకోవాలి.

జత, గుడ్లు, పిల్లలు

పావురం దాదాపు 6 నెలల వయసులో జత కడుతుంది. కట్టిన జత మామూలుగా జీవితాంతం నిలుస్తుంది. మగదానినీ ఆడదానినీ రూపం చూసి తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. మెడ ఉబ్బించి గుడుగుడుమంటూ గుండ్రంగా తిరిగేది మగది, తల ఊపుతూ ఒదిగేది ఆడది అన్నది వాడుకలో ఉన్న గుర్తు. కచ్చితంగా తెలియాలంటే ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి.

జత కలిసిన 8–10 రోజులకు ఆడ పావురం మొదటి గుడ్డు పెడుతుంది. దాదాపు 44 గంటల తరవాత రెండోది పెడుతుంది. ఒక కాన్పుకు రెండే గుడ్లు. పొదగడంలో ఇద్దరికీ వాటా ఉంది. పొద్దెక్కాక మగది గూట్లోకి వచ్చి మధ్యాహ్నం దాటే దాకా కూర్చుంటుంది. సాయంత్రం నుంచి మరునాటి పొద్దు దాకా ఆడదే. రెండో గుడ్డు పెట్టాక 17–18 రోజులకు పిల్లలు వస్తాయి. అయిదారు రోజులకు గుడ్డును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనిపించాలి. కనబడకపోతే అది మురిగిన గుడ్డు.

పిల్లలు కళ్లు మూసుకొని, పలచటి పసుపు నూగుతో పుడతాయి. మొదటి నాలుగైదు రోజులు వాటికి గింజ అందదు. తల్లీ తండ్రీ ఇద్దరి మేతసంచి లోపలి పొర మందమై, విడివడి, పెరుగు ముద్దలాంటి పదార్థంగా మారుతుంది. పావురం పాలు అనేది దీన్నే. మాంసకృత్తులు, కొవ్వు నిండుగా ఉండే ఈ పాలలో ఆవుపాలలో ఉండే చక్కెర ఉండదు. పక్షుల్లో ఇలా పాలు పట్టేవి పావురాల కుటుంబం, ఫ్లెమింగోలు, మగ ఎంపరర్ పెంగ్విన్ మాత్రమే. ఈ ఆహారంతో పిల్లల బరువు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతుంది. నాలుగైదు రోజుల తరవాత పాలలో నానిన గింజలు కలుస్తాయి. నాలుగు వారాలకు పిల్ల గూడు దిగుతుంది.

పిల్లలున్న జతను కదిలించకూడదు. తల్లిదండ్రుల్లో ఒకటి పోతే రెండోది చాలాసార్లు పిల్లలను సాకగలదు గాని మొదటి వారంలో రెండూ పోతే పిల్లలు బతకడం కష్టం. చేతితో ఆహారం పట్టేవారు గోరువెచ్చగా, పలచగా, కొద్దికొద్దిగా పట్టాలి. గొంతులో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చనిపోతుంది.

కావలసినంత మేత దొరికే జత ఏడాదికి అయిదు నుంచి ఎనిమిది కాన్పులు వేస్తుంది. ఇది పెంపకందారు అదుపు చేయవలసిన విషయం. మూడు నాలుగు కాన్పులకు మించితే తల్లి ఒంట్లో సున్నం తరిగి, గుడ్డు పెంకు పలచబడి, పిల్లలు బలహీనమవుతాయి. పెట్టిన గుడ్లను తీసి అదే సైజు చెక్క లేదా ప్లాస్టిక్ గుడ్లు ఉంచితే పక్షి పొదిగి పొదిగి విడిచిపెడుతుంది. పొదగవలసిన కాలం అలా గడిచిపోవడం దానికి విశ్రాంతి. ఈకలు రాల్చే కాలంలో, మండు వేసవిలో ఆడ, మగ పక్షులను వేరు గదుల్లో ఉంచే పద్ధతి కూడా ఉంది.

గూడు

మిద్దె మీద కట్టే గూడు ముఖం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది, పడమటి ఎండ తగలదు. నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తున చెక్క వేదిక ఉండాలి. గాలి పైభాగం నుంచి బయటికి పోయేలా సందు వదలాలి. రేకుల కప్పు వేస్తే దాని మీద గడ్డి, తడకలు లేదా నీడ వల పరచాలి. లేకపోతే మే నెలలో గుడ్లు లోపలే ఉడికినట్టవుతాయి.

ఒక్కో జతకు 30 సెంటీమీటర్ల ఎత్తు, అంతే లోతు, 60 సెంటీమీటర్ల వెడల్పున్న అర ఉంటే చాలు. ఎదర చిన్న అడ్డుపట్టీ పిల్లలు జారిపడకుండా ఆపుతుంది. వెడల్పు అరలో రెండు మట్టి మూకుళ్లు పెడితే మంచిది. మొదటి పిల్లలు ఒకదానిలో ఉండగానే ఆడది రెండో మూకుడులో తరవాతి గుడ్లు పెడుతుంది. మూకుడులో వేప పుల్లలు, ఎండుగడ్డి, పొగాకు కాడలు వేస్తే పక్షే అమర్చుకుంటుంది. పొగాకు కాడ పేనును దూరం పెడుతుందని పెంపకందార్లు నమ్మి వాడతారు.

అర దొరకని పావురం పోట్లాడుతుంది. అరల సంఖ్య జతల సంఖ్య కన్నా ఎక్కువగా ఉంచడం గూట్లో శాంతికి మొదటి నియమం. పిల్లి, ముంగిస, పందికొక్కు, జెర్రిపోతు చొరబడకుండా అర అంగుళం కన్నుల ఇనుప జాలీ వేయాలి. కోళ్లకు వాడే పెద్ద కన్నుల జాలీ లోంచి పాము వస్తుంది.

మేత, నీరు

ఒక పెద్ద పక్షికి రోజుకు 30–40 గ్రాముల గింజ చాలు. 10 కిలోల మేతలో మొక్కజొన్న 3, జొన్న 2, గోధుమ 1.5, సజ్జ 1, పెసలు, శనగలు, బఠానీలు కలిపి 2.5 కిలోలు వేస్తే మాంసకృత్తులు దాదాపు 13 శాతం అందుతాయి. పిల్లలున్నప్పుడు పప్పుల వాటా పెంచాలి. ఎండాకాలంలో మొక్కజొన్న తగ్గించి జొన్న, సజ్జ పెంచుతారు. ఈ జిల్లాలో సోయా విరివిగా పండినా పచ్చి సోయా గింజలు పావురానికి జీర్ణం కావు. వేయించనిదే పెట్టకూడదు. బూజు వాసన ఉన్న మక్కలు పశువుకు పనికిరానట్టే పావురానికీ పనికిరావు. వాటి విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అన్నం, రొట్టె ముక్కలు మేత కాదు.

పావురానికి పళ్లు లేవు. గింజను నలిపేది కందనకాయ. అందులో నూరుడు రాళ్లుగా పనిచేయడానికి గరుకు ఇసుక, సున్నం కోసం ఆల్చిప్పల పొడి, ఇటుక పొడి, చిటికెడు ఉప్పు కలిపి వేరే గిన్నెలో ఎప్పుడూ ఉంచాలి. చాలామంది పెంపకందార్లు మరిచే వస్తువు ఇదే. తోలుగుడ్లు, పిల్లల వంకర కాళ్లు చాలావరకు ఈ గిన్నె ఖాళీగా ఉన్న ఇళ్లలోనే కనిపిస్తాయి.

కోడిలా గుక్క తీసుకొని తల పైకెత్తకుండా, పావురం ముక్కు ముంచి గడగడా పీల్చి తాగుతుంది. అందుచేత నీటి పాత్రలో కనీసం రెండు మూడు సెంటీమీటర్ల లోతు ఉండాలి. రెట్ట పడకుండా పైన మూత, పక్కన తలదూర్చే సందు ఉన్న పాత్ర మేలు. పిల్లలకు మేత పట్టే ముందు తల్లి నీళ్లు తాగుతుంది. నీళ్లు అయిపోతే ఆ రోజు పిల్లలకు మేత లేనట్టే. వారానికి రెండుసార్లు వెడల్పు పళ్లెంలో స్నానానికి నీళ్లు పెట్టాలి.

గూటికి అలవాటు చేయడం

కొత్తగా తెచ్చిన పక్షిని వెంటనే వదిలితే పుట్టిన చోటికి పోతుంది. అయిదారు వారాల వయసున్న, ఇంకా బయట ఎగరని పిల్లలతో మొదలుపెట్టడమే సరైన దారి. వాటిని గూటి పైన జాలీ పంజరంలో వారం రెండు వారాలు ఉంచి, చుట్టుపక్కల మిద్దెలు, చెట్లు, మినార్లు చూడనివ్వాలి. ఆ తరవాత ఆకలి వేళకు ముందు తలుపు తీస్తే పైకి ఎక్కి, చూసి, మేత శబ్దానికి దిగుతాయి.

పెద్ద పక్షి కొంటే దానితో ఎగరేసే పని పెట్టుకోకుండా పిల్లలు తీయడానికే ఉంచుకోవాలి. రెక్క ఈకలు కత్తిరించి ఆపడం చాలాచోట్ల ఆచారం. అది డేగకు, పిల్లికి పక్షిని అప్పగించడమే. కత్తిరించిన ఈక మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా పూర్తిగా రాదు.

హోమర్‌కు దూరపు శిక్షణ మెట్టుమెట్టుగా ఇస్తారు. బాన్సువాడలో పెంచిన పక్షిని మొదట ఊరి పొలిమేరలో, తరవాత అయిదు, పది కిలోమీటర్ల దూరంలో, ఆపైన వర్ని వైపు, చివరికి బోధన్, నిజామాబాద్ దాకా తీసుకుపోయి వదలవచ్చు. పొద్దున, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, అరకొర మేతతో వదలాలి.

దారి ఎలా తెలుస్తుంది

దీనికి ఒకే జవాబు లేదు. సూర్యుడి స్థానాన్ని, తన శరీర గడియారాన్ని కలిపి పావురం దిక్కు తెలుసుకుంటుంది. మబ్బు కమ్మినప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం ఆధారమవుతుంది. గాలి మోసుకొచ్చే వాసనలతో దూరపు చోటును పోల్చుకుంటుందని ఇటలీ శాస్త్రజ్ఞులు 1970ల నుంచి చూపిన ప్రయోగాలకు బలమైన మద్దతు ఉంది. ఇంటి దగ్గరికి వచ్చాక కంటికి కనబడే గుర్తులే దిక్కు. జీపీఎస్ కట్టిన పావురాలు రోడ్ల వెంట, కాలువల వెంట మలుపులు తిరుగుతూ ఎగరడాన్ని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు. (చూ. పక్షుల వలస)

కాలాల వారీ జాగ్రత్తలు

ఎండాకాలంలో పొద్దు పొడిచే వేళ, సాయంత్రం మాత్రమే ఎగరేయాలి. మధ్యాహ్నం గూటి చుట్టూ నీళ్లు చల్లాలి. వానాకాలం కష్టాలు వేరు. తడిసిన రెట్ట, ముక్కిన మేత, దోమలు మూడూ కలిసి రోగాలు తెస్తాయి. గూటి నేల పొడిగా ఉండటానికి రోజూ రెట్ట గీకి తీయాలి. వానల చివర నుంచి చలి మొదలయ్యే దాకా పక్షులు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. ఒక్కో రెక్కలో పది పెద్ద ఈకలు ఒకదాని తరవాత ఒకటి మారతాయి. అప్పుడు పందేలు, పిల్లలు రెండూ వద్దు.

సంక్రాంతి వారం ప్రత్యేకం. గాలిపటాల మాంజా రెక్కను కోస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా దారం ఇంకా చెట్లకు వేలాడుతూనే ఉంటుంది. పండగ మూడు రోజులూ, తరవాత వారం రోజులూ పావురాలను గూట్లోనే ఉంచాలి.

వ్యాధులు

జబ్బు పడ్డ పావురం ఈకలు ఉబ్బించుకొని మూలన కూర్చుంటుంది, మేత తగ్గిస్తుంది, రెట్ట పచ్చగానో నీళ్లగానో మారుతుంది. మొదటి పని దాన్ని వేరు చేయడం. కొత్తగా తెచ్చిన ప్రతి పక్షినీ మూడు వారాలు విడిగా ఉంచితే సగం రోగాలు గూట్లోకి రావు.

అన్నిటికన్నా భయపెట్టేది మెడతిరుగుడు. కోళ్ల రాణిఖేత్ రోగ వైరస్‌కు పావురాల్లో అలవాటుపడ్డ రూపం దీనికి కారణం. ముందు దాహం, నీళ్ల రెట్ట. తరవాత మెడ మెలితిరిగి తల కిందులవుతుంది, గింజను పొడిస్తే పక్కకు తగులుతుంది. దీనికి మందు లేదు. కానీ చాలా పక్షులు రోగంతో చావవు, మేత అందక ఆకలితో చస్తాయి. లోతైన గిన్నెలో గింజలు నింపి పెట్టి, అవసరమైతే చేతితో తినిపించి ఆరు వారాలు ఓపిక పడితే అనేకం కోలుకుంటాయి. పశువైద్యుడి సలహాతో ఏటా టీకా వేయించడం నివారణ. (చూ. రాణిఖేత్ వ్యాధి)

గొంతులో పసుపు జున్నులాంటి గడ్డలు ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తాయి. పాలతో పాటు తల్లి నుంచి పిల్లకు అంటుతుంది. దీనికి మందు ఉంది, పశువైద్యుడు బరువును బట్టి మోతాదు చెప్పాలి. దోమలు వ్యాపింపజేసే మశూచి వల్ల ముక్కు, కళ్ల చుట్టూ పొక్కులు లేచి మూడు నాలుగు వారాల్లో ఎండిపోతాయి, గిల్లకూడదు. ఈకల మధ్య పక్కకు పాకే చదునైన పావురపు ఈగ రక్తం తాగి మలేరియా వంటి రోగాన్ని మోస్తుంది. పేగు పురుగులు, కాక్సిడియా, సాల్మొనెల్లా మురికి గూట్లో సాధారణం. నాటు మందులు, మనుషుల మాత్రలు విరిచి వేయడం పావురాలను రోగాల కన్నా ఎక్కువగా చంపుతుంది.

మనుషుల ఆరోగ్యం

పావురాల ఈక దుమ్ము, ఎండిన రెట్ట పొడి ఏళ్ల తరబడి పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. వైద్యులు దీన్ని పావురాల పెంపకందార్ల ఊపిరితిత్తి వ్యాధి అంటారు. గూడు శుభ్రం చేశాక సాయంత్రానికి దగ్గు, జ్వరం, ఆయాసం రావడం తొలి గుర్తు. సిట్టకోసిస్, క్రిప్టోకాకస్ వంటి అంటురోగాలు కూడా రెట్ట ద్వారా రాగలవు. ముంబైలో 2025లో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాల మూసివేత మీద నడిచిన వివాదానికి మూలం ఈ ఆరోగ్య సమస్యే. రెట్టను పొడిగా ఊడ్చకుండా నీళ్లు చల్లి, మాస్క్ కట్టుకొని తీయాలి. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో గూడు పడకగది కిటికీకి దూరంగా ఉండాలి.

పక్షవాతానికి పావురం రక్తం, మాంసం మందని తెలుగు పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది. దీనికి వైద్యపరమైన ఆధారం ఏమీ లేదు. మెదడులో నాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పావురం కోసం వెతికిన ప్రతి గంటా రోగి చేయి, కాలు, మాట తిరిగిరాకుండా చేస్తుంది.

నమ్మకాలు, సాహిత్యం

పావురం మీద నమ్మకాలు పరస్పర విరుద్ధంగా ఉంటాయి. ఋగ్వేదం పదో మండలంలో ఇంట్లో వాలిన కపోతం అపశకునంగా కనబడుతుంది. ఇంట్లో పావురం చేరితే శాంతి చేయించే అలవాటు నేటికీ కొన్ని కుటుంబాల్లో ఉంది. ప్రవక్త తలదాచుకున్న గుహ ముఖాన పావురాలు గూడు కట్టి కాపాడాయన్న సంప్రదాయం వల్ల ముస్లిముల ఇళ్లలో వీటికి గింజలు వేయడం పుణ్యం. క్రైస్తవులకు ఇది పరిశుద్ధాత్మ రూపం.

డేగ నుంచి పావురాన్ని కాపాడటానికి తన తొడ మాంసం కోసి ఇచ్చిన శిబి కథ మహాభారతంలోది. వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు చిత్రగ్రీవుణ్ని తెలుగు పిల్లలకు పరిచయం చేసింది పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రలాభం. భాగవతం ఏకాదశ స్కంధంలో పిల్లల మీది మమకారంతో వలలో పడ్డ పావురం జంట అవధూతకు ఒక గురువు. 1989 నాటి హిందీ చిత్రం ‘మైనే ప్యార్ కియా’ తెలుగులోకి ‘ప్రేమ పావురాలు’ పేరుతో వచ్చి, ఉత్తరం మోసే తెల్ల పావురాన్ని ఒక తరానికి గుర్తుండిపోయేలా చేసింది.

చట్టం, బాధ్యత

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును, పక్షిని బంధించడం నేరం. పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని 2015లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. ఇరుకు బుట్టల్లో కుక్కి బస్సుల మీద తరలించడం ఈ చట్టం కిందికే వస్తుంది.

సభల్లో, పెళ్లిళ్లలో శాంతి గుర్తుగా తెల్ల పావురాలను వదిలే అలవాటు ఆపవలసినది. బజారులో కొన్న అలంకార రకాలకు అక్కడ గూడు లేదు, ఎగిరే అలవాటు లేదు, మేత వెతుక్కోవడం తెలియదు. తెల్లరంగు డేగ కంటికి దూరంనుంచే ఆనుతుంది.

కాలికి రింగు ఉన్న పావురం దొరికితే

పిల్ల పుట్టిన 7–10 రోజుల మధ్య కాలికి తొడిగే అతుకు లేని రింగు మీద దేశం, సంవత్సరం, సంఖ్య ఉంటాయి. పక్షి పెరిగాక అది ఊడదు. ఆ గుర్తులు, కొన్నిసార్లు రెక్క మీద ముద్ర చూసి గూఢచారి పక్షి అని పోలీసులకు అప్పగించిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. 2023 మేలో ముంబైలో అలా పట్టుబడిన పావురం ఎనిమిది నెలలు పశువుల ఆసుపత్రిలో ఉంది. తైవాన్ పందేల పక్షి అని తేలాక 2024 జనవరి చివరలో దాన్ని వదిలేశారు.

బాన్సువాడ మిద్దె మీదో, మిల్లు ఆవరణలోనో అలాంటి పక్షి అలసి దిగితే చేయవలసింది కొద్దే. రింగు సంఖ్య రాసుకొని, పిల్లికి అందని చోట అట్టపెట్టెలో ఉంచి, నీళ్లు, గుప్పెడు జొన్నలు పెట్టాలి. గాయం ఉంటే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. గాయం లేకపోతే రెండు రోజుల విశ్రాంతి తరవాత తేటగా ఉన్న పొద్దుట తెరిచి వదలాలి. ఒకటి రెండు చుట్లు తిరిగి దిక్కు పట్టుకొని అది తన గూటికి పోతుంది.